కాలేయ మార్పిడి రోగి క్యాజువాలిటీకి వస్తే: మొదటి చీటీలో ఏముండాలి, ఏముండకూడదు

కాలేయ మార్పిడి హైదరాబాదులోనో చెన్నైలోనో విశాఖపట్నంలోనో జరుగుతుంది. ఆ తర్వాత ఎనిమిది నెలలకో రెండేళ్లకో వచ్చే జ్వరం మాత్రం కంచిలిలో వస్తుంది, రాజాంలో వస్తుంది, బొబ్బిలి పక్క పల్లెలో వస్తుంది. ఆ జ్వరాన్ని మొదట చూసేది మార్పిడి చేసిన సర్జన్ కాదు. ఊళ్లో ఆర్‌ఎంపీ, ఆ తర్వాత మందుల షాపు, ఆ తర్వాత ఏరియా ఆసుపత్రి క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీలో ఉన్న వైద్యుడు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని ఒక చిన్న ఆసుపత్రిలో ఇలాంటి రోగి ఎప్పుడో గానీ కనిపించడు. అరుదుగా కనిపించే రోగికి అలవాటైన చీటీ రాసేయడంలోనే ఇక్కడి అసలు ప్రమాదం ఉంది. శస్త్రచికిత్స ఎంత క్లిష్టమైనదైనా, మొదటి గంటలో రోగికి హాని కలిగేది ఆ క్లిష్టత అర్థం కాకపోవడం వల్ల కన్నా, రోజూ అందరికీ రాసే మామూలు మందుల వల్లనే కలిగే అవకాశం ఎక్కువ.

మానవులలో కాలేయ మార్పిడికి తొలి ప్రయత్నాన్ని 1963లో అమెరికాలోని డెన్వర్‌లో థామస్ స్టార్జల్ చేశారు. రోగి ఏడాదికి పైగా బతికిన తొలి విజయం 1967లో గానీ దక్కలేదు. మన దేశంలో 1994లో మానవ అవయవాల మార్పిడి చట్టం వచ్చింది. 1998లో ఢిల్లీలో తొలి విజయవంతమైన కాలేయ మార్పిడి జరిగింది. ఈ చరిత్రలో క్యాజువాలిటీ వైద్యుడికి నేరుగా పనికొచ్చే ముక్క ఇంకొకటి ఉంది. 1984లో జపాన్‌లోని సుకుబా ప్రాంతపు మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి టాక్రోలిమస్ అనే మందును వేరుచేశారు. 1994లో అమెరికాలో దాన్ని కాలేయ మార్పిడి రోగులకు వాడడానికి అనుమతి లభించింది. ఈనాడు మార్పిడి రోగి వెంట తెచ్చుకునే మాత్రల డబ్బాలో దాదాపు తప్పకుండా కనిపించేది ఆ మందే.

శరీరం కొత్త కాలేయాన్ని పరాయి వస్తువుగా గుర్తించి దాడి చేయకుండా టాక్రోలిమస్ రోగనిరోధక శక్తిని అణచి ఉంచుతుంది. దాని మోతాదు కత్తి అంచు మీద నడక లాంటిది. రక్తంలో అది తగ్గితే శరీరం కాలేయాన్ని తిరస్కరిస్తుంది; పెరిగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి, చేతులు వణుకుతాయి, పొటాషియం పెరుగుతుంది, మెగ్నీషియం తగ్గుతుంది, కొందరిలో మూర్ఛలు కూడా వస్తాయి. మాత్ర వేసుకోబోయే ముందు తీసిన రక్తంలో ఈ మందు మొదటి నెలల్లో మిల్లీలీటరుకు సుమారు 6 నుంచి 10 నానోగ్రాములు, ఆ తర్వాత అంతకన్నా కొంత తక్కువ ఉండేలా మార్పిడి కేంద్రాలు చూసుకుంటాయి; కచ్చితమైన అంకె కేంద్రాన్ని బట్టి, రోగిని బట్టి మారుతుంది. ఈ మందును శరీరం విరగ్గొట్టే ఎంజైము పేగుల గోడల్లో, కాలేయంలో ఉంటుంది. దాన్ని అడ్డుకునే మందు ఏది వేసినా టాక్రోలిమస్ పెరుగుతుంది, దాన్ని ఉసిగొల్పే మందు ఏది వేసినా పడిపోతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే చీటీలో జరిగే పొరపాట్లలో చాలావరకు వాటంతటవే తప్పుతాయి.

ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం తేటపడుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతానికి చెందిన ఒక కొబ్బరి రైతుకు మార్పిడి జరిగి పది నెలలైందనుకోవాలి. పెళ్లి భోజనం తర్వాత విరేచనాలు పట్టుకున్నాయి, ఒళ్లునొప్పులు, నోట్లో తెల్లపూత. ఊళ్లో ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేసి, విరేచనాలకు మెట్రోనిడజోల్ ఇచ్చారు. మందుల షాపులో తెల్లపూతకు ఫ్లూకోనజోల్ మాత్రలు ఇచ్చారు. నీరసం తగ్గుతుందని ఇంట్లోవాళ్లు రోజుకు నాలుగు కొబ్బరి బొండాలు తాగించారు. మూడో రోజుకు మూత్రం తగ్గింది, చేతులు వణకడం మొదలైంది. క్యాజువాలిటీ రిజిస్టరులో సంతకం పెట్టబోతే పెన్ను అదుపులో ఉండక అక్షరాలు గీతలుగా సాగిపోయాయి. రక్తపరీక్షలో, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎప్పుడూ 1.2 ఉండేది 2.6కు చేరింది, పొటాషియం 6.4 వచ్చింది.

ఇందులో ఎవరూ వింత వైద్యం ఏమీ చేయలేదు. ఎవరికైనా చేసేదే చేశారు. అయినా నాలుగు వైపుల నుంచీ దెబ్బ తగిలింది. విరేచనాలైతే మందు ఒంటబట్టక టాక్రోలిమస్ తగ్గిపోతుందని ఎవరికైనా తోస్తుంది. జరిగేది సరిగ్గా అందుకు తలకిందులు. పేగు గోడలోని ఎంజైములు దెబ్బతిని, మందు విరగకుండానే రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. దానికి ఫ్లూకోనజోల్ తోడైతే మిగిలిన ఎంజైము కూడా మూలన పడుతుంది. మెట్రోనిడజోల్ వల్ల కూడా టాక్రోలిమస్ పెరిగిన ఉదంతాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. విరేచనాలతో నీరు కోల్పోయి, టాక్రోలిమస్‌తో రక్తనాళాలు ముడుచుకుపోయి ఉన్న మూత్రపిండం మీద డైక్లోఫెనాక్ పడితే అది తట్టుకోలేదు. ఇక కొబ్బరినీళ్లు. మామూలు మనిషికి విరేచనాల్లో అవి మంచివే, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ. మూత్రపిండం పొటాషియాన్ని బయటికి పంపలేని స్థితిలో, పంపనివ్వని మందు వాడుతున్న మనిషికి నాలుగు బొండాలంటే గుండె లయ తప్పించేంత భారం.

ఈ ఉదాహరణను కావాలనే ఉద్దానంలో పెట్టవలసి వచ్చింది. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి దశాబ్దాలుగా ఉంది. దాని మూలకారణం ఇంకా తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రితో కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. అలాంటి చోట కాలేయ మార్పిడి జరిగిన మనిషికి మూత్రపిండాల్లో మిగులు శక్తి మొదటి నుంచే తక్కువగా ఉండవచ్చు. ఆ మనిషి విషయంలో ‘నొప్పి సూది’ని పూర్తిగా పక్కన పెట్టడమే సరైన పని. జ్వరానికి, నొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది. కాలేయం మార్చారు కదా అని పారాసిటమాల్‌కు భయపడి డైక్లోఫెనాక్ వైపు వెళ్లడం తరచుగా కనిపించే తలకిందులు ఆలోచన. రోజుకు 2 గ్రాములు మించకుండా ఇస్తే ఈ రోగుల్లో పారాసిటమాలే సురక్షితం.

పొటాషియం 6 దాటితే ఈసీజీ తీయకుండా మరో పని చేయకూడదు. టీ తరంగాలు సూదిగా లేచి ఉంటే కాల్షియం గ్లూకోనేట్, ఆ వెంటనే గ్లూకోజుతో ఇన్సులిన్ మామూలు పద్ధతిలోనే ఇవ్వాలి. మార్పిడి రోగి అని ఇక్కడ మినహాయింపు ఏమీ లేదు. టాక్రోలిమస్ తర్వాతి మోతాదు ఇవ్వాలా, తగ్గించాలా, ఆపాలా అన్నది మాత్రం క్యాజువాలిటీలో సొంతంగా తేల్చే విషయం కాదు. మార్పిడి కేంద్రానికి ఫోన్ చేసి అడగవలసిందే. అనుమానం వచ్చిందని తామే ఆపేసి, ఆపినట్టు ఎక్కడా రాయకుండా రెఫర్ చేస్తే, రెండు మూడు రోజులు మందు లేకుండా గడిచిపోయే ప్రమాదం ఉంది.

రోగి తెచ్చే ఫైలులో డిశ్చార్జి సమ్మరీ కన్నా విలువైన కాగితం చివరి మూడు నెలల రక్తపరీక్షల చీటీ. అంకెను ల్యాబ్ ఇచ్చే సాధారణ పరిధితో కాక రోగి సొంత పాత అంకెతో పోల్చాలి. కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే, ఎప్పుడూ 22 ఉండే ఏఎల్‌టీ 60 అయితే ల్యాబ్ కాగితం దాన్ని ‘స్వల్ప పెరుగుదల’గా చూపిస్తుంది, మార్పిడి రోగిలో అది దాదాపు మూడు రెట్లు. అలాగే క్రియాటినిన్ 1.5 ఉందని కంగారు పడవచ్చు, అది ఆయనకు రెండేళ్లుగా ఉన్న అంకే కావచ్చు. ఫైలు లేకుండా, స్పృహ లేకుండా వచ్చిన రోగిలో పొట్ట మీది మచ్చ కొంత చెబుతుంది. పక్కటెముకల కింద రెండు వైపులకూ సాగి, మధ్యలో పైకి లేచిన బెంజి కారు గుర్తు లాంటి మచ్చ, లేదా కుడివైపు వంగిన పెద్ద మచ్చ కనబడితే ఇది మామూలు పిత్తాశయపు ఆపరేషన్ కాదని అనుమానించాలి.

జ్వరం దగ్గర మరింత జాగ్రత్త కావాలి, ఎందుకంటే ఈ రోగుల్లో జ్వరం నిజం చెప్పదు. స్టెరాయిడ్లు వాడుతున్న మనిషికి ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకినా 99 డిగ్రీలే ఉండవచ్చు, తెల్ల రక్తకణాలు మామూలుగానే ఉండవచ్చు, పేగుకు రంధ్రం పడినా పొట్ట మెత్తగానే తగలవచ్చు. మార్పిడి సమయంలో కాలేయానికి వెళ్లే నరాలు తెగిపోతాయి కాబట్టి కొత్త కాలేయంలో చీము పట్టినా, పైత్యనాళం మూసుకుపోయినా కుడివైపు నొప్పి రావాలన్న నియమం లేదు. అందుకే 100.4 డిగ్రీల జ్వరాన్ని, లేదా జ్వరం లేకున్నా కొత్తగా వచ్చిన నీరసాన్ని, ఆయాసాన్ని, తికమకను మామూలు రోగిలో 103 డిగ్రీల జ్వరాన్ని చూసినంత తీవ్రంగా చూడాలి. వైరల్ జ్వరాల రోజుల్లో నిండిపోయిన క్యాజువాలిటీలో ఈ రోగిని బెంచీ మీద వరుసలో కూర్చోబెట్టకుండా మాస్కు ఇచ్చి విడిగా ఉంచడం కూడా చికిత్సలో భాగమే.

ఇన్ఫెక్షన్ ఏమై ఉంటుందన్నది మార్పిడి జరిగి ఎంతకాలమైందన్న దాన్ని బట్టి ఉంటుంది. మొదటి నెలలో వచ్చేవి ఆపరేషన్‌కూ ఆసుపత్రికీ చెందినవి: గాయంలో చీము, పైత్యం కారడం, గొట్టాల ద్వారా వచ్చిన మొండి బ్యాక్టీరియా. ఒకటి నుంచి ఆరు నెలల మధ్య రోగనిరోధక శక్తి బాగా అణగి ఉంటుంది కాబట్టి సైటోమెగలో వైరస్, శిలీంద్రాలు, న్యూమోసిస్టిస్ న్యుమోనియా, లోపల నిద్రపోతున్న క్షయ బయటికి వస్తాయి. ఆరు నెలలు దాటాక చాలామందిలో అందరికీ వచ్చే న్యుమోనియా, మూత్ర ఇన్ఫెక్షన్ వంటివే వస్తాయి, కానీ ముదిరే వేగం ఎక్కువ. విదేశీ పుస్తకాల్లో ఉండే ఈ పట్టికకు ఉత్తరాంధ్ర తనవంతు చేర్చుకోవాలి. సీతంపేట, పాచిపెంట వైపు కొండ ఊళ్ల నుంచి వచ్చినవారికి మలేరియా పరీక్ష తప్పనిసరి. వానాకాలం చివరి నుంచి చలికాలం దాకా స్క్రబ్ టైఫస్‌ను తలచుకోవాలి: చంకల్లో, గజ్జల్లో, నడుము మడతలో సిగరెట్‌తో కాల్చినట్టున్న నల్లటి పొక్కు కోసం బట్టలు తీసి వెతకాలి. అది దొరికితే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టవచ్చు. దానికి టాక్రోలిమస్‌తో పెద్ద పేచీ లేదు. వరి మడుల్లో కాళ్లు నానేవారికి లెప్టోస్పైరోసిస్‌తో పాటు, తడిమట్టిలో ఉండే మెలియాయిడోసిస్ బ్యాక్టీరియా కూడా సోకవచ్చు. ఈ రెండోది చిన్న ఆసుపత్రుల్లో అలవాటుగా వాడే సెఫ్ట్రియాక్సోన్‌కు సరిగా లొంగదు, సెఫ్టజిడిమ్ గానీ మెరోపెనెమ్ గానీ కావాలి. అది ఉందని తెలియాలంటే యాంటిబయాటిక్ వేయకముందే రక్తం కల్చర్‌కు తీసి ఉండాలి. కల్చర్ సీసాలు లేని చోట ఈ కారణంతో మందును గంటల తరబడి వాయిదా వేయకూడదు. బీపీ పడిపోయిన రోగికి మొదటి యాంటిబయాటిక్ గంటలోపు వెళ్లాలి.

ఏ యాంటిబయాటిక్ అన్నది రెండో ప్రశ్న. పైపరాసిల్లిన్ టాజోబాక్టమ్, మెరోపెనెమ్ వంటివి టాక్రోలిమస్ జోలికి పోవు. జెంటామైసిన్, అమికాసిన్ చౌకగా, ప్రతి ఆసుపత్రిలోనూ దొరుకుతాయి గానీ మూత్రపిండాల మీద టాక్రోలిమస్ వేసిన దెబ్బకు అవి తోడవుతాయి. దగ్గుకు, గొంతునొప్పికి రాసే క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ ఎంజైమును గట్టిగా అడ్డుకుంటాయి. అదే కుటుంబంలోని అజిత్రోమైసిన్ ఆ పని చాలా తక్కువగా చేస్తుంది. గుండె వేగాన్ని తగ్గించడానికి ఇచ్చే డిల్టియాజెమ్, వెరపామిల్ కూడా టాక్రోలిమస్‌ను పెంచేవే. మందులు కానివాటిలో పంపరపనస ఒకటి. ఉద్దానం తోటల్లో కాసే ఈ పండు పాశ్చాత్య దేశాల్లో మార్పిడి రోగులకు నిషేధించే గ్రేప్‌ఫ్రూట్‌కు దగ్గరి చుట్టం, అదే ఎంజైమును అదే తీరున అడ్డుకుంటుంది. కారణం దొరకకుండా టాక్రోలిమస్ పెరిగిన రోగిని ఏ పండ్లు తిన్నారని అడగడం వృథా ప్రశ్న కాదు.

ఎదురు దిక్కున, అంటే టాక్రోలిమస్‌ను పడగొట్టే మందుల్లో, క్యాజువాలిటీ బల్ల మీద ఎప్పుడూ ఉండేది ఫెనిటాయిన్. మూర్ఛతో వచ్చిన మార్పిడి రోగికి ముందుగా లోరాజెపామ్ లేదా మిడజోలామ్ ఇచ్చి, ఆ తర్వాత లెవెటిరాసెటామ్ ఎంచుకోవడం మేలు. అది దొరకని చోట ఆగని మూర్ఛను ఆపడానికి ఒక్క మోతాదు ఫెనిటాయిన్ ఇస్తే కొంప మునగదు. ఎంజైము ఉసిగొల్పబడడానికి రోజులు పడుతుంది. అసలు చేటు డిశ్చార్జి చీటీలో ‘రోజుకు మూడు’ అని రాసి పంపడంలో ఉంది. రెండు వారాల్లో టాక్రోలిమస్ అడుగంటి, నెల తిరక్కుండానే కళ్లు పచ్చబడిన మనిషి మళ్లీ వస్తాడు, అప్పటికి ఆ ఫెనిటాయిన్ సంగతి ఎవరికీ గుర్తుండదు. మూర్ఛ వచ్చిందంటే టాక్రోలిమస్ ఎక్కువైందేమో, మెగ్నీషియం, చక్కెర తగ్గాయేమో, బీపీ పెరిగి మెదడులో వాపు వచ్చిందేమో కూడా చూడాలి. క్షయ మందుల్లోని రిఫాంపిసిన్ ఫెనిటాయిన్ కన్నా బలంగా టాక్రోలిమస్‌ను పడగొడుతుంది కాబట్టి, క్షయ తేలినా నాలుగు మందుల మాత్రలు మార్పిడి కేంద్రంతో మాట్లాడకుండా మొదలుపెట్టరాదు.

ఇక కామెర్లు. ఈ రెండు జిల్లాల్లో కళ్లు పచ్చబడితే మొదటి మజిలీ ఆసుపత్రి కాదు, పసరు పోసేవారి ఇల్లు. మామూలు వైరల్ కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి కాబట్టి ఆ పేరు పసరుకు దక్కుతూ వచ్చింది. మార్పిడి కాలేయానికి కామెర్లు వస్తే వాటంతటవి తగ్గే కారణాలు బహు తక్కువ, పోయే ప్రతి రోజూ కాలేయం ఖాతాలోంచి పోతుంది. పసరులో ఏ ఆకు ఉందో తెలియకపోవడం ఒక ప్రమాదం. తెలిసిన మూలికలు కూడా నమ్మదగినవి కావు: కోవిడ్ కాలంలో రోగనిరోధక శక్తి కోసమని తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలను ముంబై వైద్యులు ప్రచురించారు. రోగనిరోధక శక్తిని అణచడానికి రోజూ మాత్ర మింగుతున్న మనిషి దాన్ని పెంచుతుందని చెప్పే కషాయం తాగడం ఎంత విడ్డూరమో విడమరచి చెప్పనక్కర్లేదు. అయితే రోగిని తిట్టి లాభం లేదు. ‘ఏమైనా పసరు పుచ్చుకున్నారా’ అని మెత్తగా అడిగితేనే సమాధానం వస్తుంది.

క్యాజువాలిటీలో కామెర్లకు, పెరిగిన కాలేయ ఎంజైములకు పేరు పెట్టడం సాధ్యం కాదు. తిరస్కరణ కావచ్చు, పైత్యనాళం ఇరుకు కావడం కావచ్చు, కాలేయ ధమనిలో రక్తం గడ్డకట్టడం కావచ్చు, వైరస్ కావచ్చు, హెపటైటిస్ బి మాత్ర మానేయడం కావచ్చు. తిరస్కరణను తేల్చేది కాలేయపు ముక్క పరీక్ష మాత్రమే. అందుచేత ‘రిజెక్షన్ అయి ఉంటుంది’ అని అక్కడికక్కడే మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ పెద్ద మోతాదు ఎక్కించడం తొందరపాటు, అసలు కారణం పైత్యనాళంలో చీము అయితే అది నిప్పులో నెయ్యి పోసినట్టే. చేయగలిగిన, చేయవలసిన పని రక్తనాళాల్లో ప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్. కాలేయానికి వచ్చే రక్తంలో దాదాపు నాలుగింట మూడు వంతులు పోర్టల్ సిర నుంచి, మిగతాది ధమని నుంచి వస్తుంది. కానీ మార్పిడి కాలేయంలో పైత్యనాళాలకు ప్రాణాధారం ఆ ధమని ఒక్కటే. మొదటి వారాల్లో అది గడ్డకట్టి మూసుకుపోతే పైత్యనాళాలు కుళ్లిపోతాయి, కొందరికి మరోసారి మార్పిడి తప్ప దారి ఉండదు. ఇక్కడ గంటలు లెక్కలోకి వస్తాయి. రాత్రి డాప్లర్ చేసేవారు లేరని ఉదయం దాకా ఆపడం కన్నా, చేసే ఊరికి రాత్రే పంపడం మేలు. స్కానింగ్‌లో పైత్యనాళాలు ఉబ్బి కనిపించకపోయినా అడ్డంకి లేదని తేల్చరాదు. మార్పిడి కాలేయంలో అవి ఉబ్బకుండానే మూసుకుపోతుంటాయి.

బీపీ పడిపోయిన రోగికి సెలైన్, యాంటిబయాటిక్‌తో పాటు గుర్తుంచుకోవలసిన ఇంజెక్షన్ హైడ్రోకార్టిసోన్. నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడినవారి శరీరం కష్టకాలంలో తనంతట తాను స్టెరాయిడ్ తయారుచేసుకోలేదు, 100 మిల్లీగ్రాములు ఇస్తేనే బీపీ పెంచే మందులు కూడా పనిచేస్తాయి. ఇది తిరస్కరణకు ఇచ్చే పెద్ద మోతాదు కాదు, ఆ రెంటినీ కలగలపకూడదు.

కుక్కకాటు గురించి మార్పిడి పుస్తకాల్లో పెద్దగా కనిపించదు గానీ, మన ఊళ్లలో క్యాజువాలిటీకి వచ్చేవాటిలో అదీ ఒకటి. రేబిస్ టీకా చచ్చిన వైరస్‌తో చేసింది కాబట్టి మార్పిడి రోగికి భయం లేకుండా ఇవ్వవచ్చు. తేడా ఏమిటంటే, అణగిన రోగనిరోధక శక్తి టీకాకు సరిగా స్పందించకపోవచ్చు. కాబట్టి మామూలు మనిషికి టీకాతో సరిపెట్టే రెండో తరగతి గాటుకు, అంటే రక్తం కారని గీరుడుకు కూడా, వీరికి గాయం దగ్గర ఇమ్యునోగ్లోబులిన్ ఇవ్వాలి. టీకాను చర్మంలోకి కాక కండలోకి అయిదు మోతాదులుగా వేయాలి.

మాత్రలు అయిపోవడం కూడా అత్యవసర పరిస్థితే. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉత్తరాంధ్రలో చెట్లు కూలి దారులు మూసుకుపోయాయి, ఊళ్లకు ఊళ్లు కరెంటు లేక రోజుల తరబడి ఉండిపోయాయి. టాక్రోలిమస్ ప్రతి మందుల షాపులో ఉండదు. అది పట్టణంలోని ఏదో ఒకటి రెండు షాపుల్లో ఉంటుంది, లేదా కొరియర్‌లో రావాలి. తుపాను కాలానికి ముందే నెలకు సరిపడా మాత్రలు తడి తగలని డబ్బాలో ఉంచుకోమని చెప్పడం కార్డియాలజిస్టు గుండె రోగికి చెప్పే జాగ్రత్త లాంటిదే. క్యాజువాలిటీ వైపు నుంచి మరో జాగ్రత్త ఉంది: రోజుకు రెండుసార్లు వేసుకునే మాత్రకు, రోజంతా మెల్లగా కరిగే ఒంటిపూట మాత్రకు పేరులో తేడా ఒకటి రెండు అక్షరాలే. రెండూ ఒకటేనని మార్చి ఇస్తే మోతాదు మొత్తం తారుమారవుతుంది. కంపెనీ మారినా రక్తంలో మోతాదు మళ్లీ చూసుకోవాలి.

మన దేశంలో ఎక్కువ మార్పిడులు బతికున్న బంధువు ఇచ్చిన కాలేయపు భాగంతో జరుగుతాయి. అంటే రోగి ఇంట్లోనే పొట్ట మీద అలాంటి మచ్చ ఉన్న మరో మనిషి ఉండవచ్చు. భార్యో, కొడుకో, చెల్లెలో. మొదటి వారాల్లో ఆ దాతకు జ్వరం, కడుపునొప్పి, కామెర్లు వస్తే పైత్యం కారడం, లోపల చీము, సిరలో రక్తపు గడ్డ గురించి ఆలోచించాలి. దాతకు రోగనిరోధక శక్తిని అణచే మందులు ఉండవు కాబట్టి లక్షణాలు నిజం చెబుతాయి. కానీ ఆ మనిషిని అందరూ ఆరోగ్యవంతుడిగానే లెక్కవేస్తారు, ఫైలు ఎవరూ వెంట తీసుకురారు.

రెఫర్ చేయవలసి వచ్చినప్పుడు ఏ ఊరికన్నది కూడా ఆలోచించాలి. ఇచ్ఛాపురం నుంచి ఒడిశాలోని బరంపురం దగ్గర, విశాఖపట్నం రెండు వందల కిలోమీటర్లకు పైనే. దగ్గరని బరంపురం వెళితే అక్కడి వైద్యులు ఫైలు మొదటి నుంచి చదవాలి. దూరమని విశాఖ వెళితే ఊపిరి, బీపీ నిలబడాలి. దీనికి ఒకే జవాబు లేదు. మార్పిడి చేసిన కేంద్రం కోఆర్డినేటర్ నంబరు సాధారణంగా రోగి ఫైలు మొదటి పేజీ మీద ఉంటుంది. ఆ ఫోన్ అంబులెన్సు పిలవకముందు చేయాలి, పంపించిన తర్వాత కాదు.

వెంట వెళ్లే ఉత్తరంలో వేసిన యాంటిబయాటిక్, అది వేసిన సమయం, మూత్రం ఎంత వచ్చింది, పాత క్రియాటినిన్, కొత్త క్రియాటినిన్, ఈసీజీ ఉండాలి. అన్నిటి కన్నా ముందు టాక్రోలిమస్ చివరి మోతాదు ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని గంటలకు అన్నది రాయాలి. రక్తంలో టాక్రోలిమస్ ఎంత ఉందో చూసే పరీక్షకు రక్తాన్ని ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ గొట్టంలో తీస్తారు, మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు, తర్వాతి మాత్రకు ముందు. రాత్రి 8 గంటలకు మాత్ర వేసుకున్న మనిషికి అదే రాత్రి 11 గంటలకు రక్తం తీస్తే అంకె ఎప్పుడూ ఎక్కువగానే వస్తుంది, దాన్ని చూసి ఎవరో మోతాదు తగ్గిస్తారు. అంబులెన్సు రాత్రికే బయలుదేరుతుంటే ‘రాత్రి 8 గంటలకు 1 మిల్లీగ్రాము వేసుకున్నారు, ఉదయం మాత్ర ఇవ్వకముందు 8 గంటలకు లెవెల్ తీయగలరు’ అని ఉత్తరంలో పై వరుసలోనే రాసి, మాత్రల డబ్బా రోగి భార్య సంచిలో ఉందో లేదో ఒకసారి చూసి తలుపు వేయాలి.